ఒకే ఇంటి కింద రెండు నేలలు, ఒకే ఇంటి చుట్టూ రెండు చలికాలాలు

కెనడాలోని విన్నిపెగ్ నగరం పక్కన ట్రాన్స్‌కోనాలో 1913లో కాంక్రీటుతో ఒక భారీ ధాన్యాగారం కట్టారు. పది లక్షల బుషెళ్ల ధాన్యం పట్టే కట్టడం అది. సెప్టెంబరులో నింపడం మొదలుపెట్టారు. సుమారు 8,75,000 బుషెళ్లు చేరాక, అక్టోబరు 18న, గంట తిరిగేలోపు అది ఒక అడుగు నేలలోకి దిగింది. ఆ వెంటనే పడమటికి ఒరగడం మొదలైంది. ఒక్క రోజులో దాదాపు 27 డిగ్రీలు వాలి, అలాగే ఆగిపోయింది. ఇంత జరిగినా గాదెలు పగల్లేదు, అడుగునున్న రాఫ్ట్, అంటే కట్టడం కిందంతా ఒకే పలకలా పరిచిన కాంక్రీటు పునాది, ముక్కలు కాలేదు. కట్టడం చెక్కుచెదరకుండా ఉంది, కింద నేలే పక్కకు జారిపోయింది. తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టి వాడుకున్నారు కూడా.

నేలను పరీక్షించకుండా కట్టేశారా అంటే, అలా ఏం కాదు. పునాది లోతులో చిన్న పలక మీద బరువు పెట్టి చూశారు. నేల గట్టిగానే తేలింది. నాలుగు దశాబ్దాల తర్వాత అక్కడ బోర్లు వేసి మట్టి తీసి పరీక్షించాక గానీ అసలు సంగతి స్పష్టం కాలేదు. పైన గట్టి బంకమన్ను, దాని అడుగున మెత్తటి బంకమన్ను. పైన పటారం, లోన లొటారం అన్నట్టుంది ఆ నేల. చిన్న పలక పై పొరనే పరీక్షించింది. సుమారు 23 మీటర్ల వెడల్పు, 59 మీటర్ల పొడవు ఉన్న రాఫ్ట్ మాత్రం తన బరువును అడుగు పొర దాకా పంపింది.

లోతు తక్కువ పునాదుల డిజైన్‌లో ఉన్న ముఖ్యమైన చిక్కు ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది. నేల ఎంత బరువు మోస్తుంది అన్నదే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న. అడగాల్సిందే. కానీ ఇళ్లకూ చిన్న భవనాలకూ వచ్చే బీటల్లో చాలావాటికి కారణం నేలకు బలం చాలకపోవడం కాదు. భవనం ఒక మూల ఒకలా, ఇంకో మూల ఇంకోలా కదలడం. ఆ తేడా మట్టిలో ఉండొచ్చు, మట్టిలోని నీటిలో ఉండొచ్చు, చలి దేశాల్లోనైతే మట్టిలోని వేడిలో ఉండొచ్చు. నేలంతా గట్టిగా ఉంటే దానికి తగ్గ డిజైన్ ఉంది, నేలంతా మెత్తగా ఉంటే దానికీ ఉంది. రెండూ ఒకే ఇంటి కింద కలిసినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

కుంగినా ఒక్కలా కుంగాలి

మెక్సికో సిటీలోని బెల్యాస్ ఆర్టెస్ ప్యాలెస్ పాత చెరువు అడుగు బంకమన్ను మీద కట్టిన భవనం. కట్టిననాటి నుంచి మీటర్ల లెక్కన కుంగింది. ఇప్పటికీ అందులో ప్రదర్శనలు జరుగుతూనే ఉన్నాయి. పీసా గోపురమూ మెత్తటి నేల మీదే కట్టారు. కాకపోతే అది ఒక పక్కకు ఎక్కువ దిగింది. వాలు ఐదున్నర డిగ్రీలకు చేరాక దాన్ని కాపాడటానికి ఇంజనీర్లు ఎంచుకున్న మార్గం గమనించదగ్గది. కుంగిన దక్షిణం వైపు పైకెత్తలేదు. కుంగని ఉత్తరం వైపు అడుగు నుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి, దాన్నీ దించారు. 2001 నాటికి వాలు సుమారు అర డిగ్రీ తగ్గింది. అంటే బలం పెంచి కాదు, తేడా తగ్గించి గోపురాన్ని నిలబెట్టారు.

ఎంత తేడా తట్టుకోగలం అన్నదానికి ఇంజనీర్లు పక్కపక్క పిల్లర్ల కుంగుబాటులోని తేడాను వాటి మధ్య దూరంతో భాగించి చూస్తారు. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు చాలా భవనాల కొలతలు పోగేసి, ఈ నిష్పత్తి 1/300 దాటితే గోడలకు బీటలు, 1/150 దాటితే పిల్లర్లకూ బీములకూ నష్టం అని తేల్చారు. అసలు బీటలే వద్దనుకునే చోట 1/500 దాటనీయకూడదని 1963లో నార్వే ఇంజనీరు బ్యెరుమ్ సూచించాడు. ఆరు మీటర్ల దూరంలో రెండు పిల్లర్లు ఉన్నాయనుకుందాం. 1/300 అంటే 20 మి.మీ., 1/500 అంటే 12 మి.మీ. చిటికెన వేలి మందం తేడా చాలు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట పాకడానికి.

బీటలను చదవడం కూడా నేర్చుకోదగ్గ విద్యే. గోడ మీది బీట పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా ఉంటే, సాధారణంగా గోడ చివరలు దిగుతున్నాయి, లేదా మధ్యభాగం లేస్తోంది. కింద వెడల్పై పైన సన్నబడితే మధ్యభాగం దిగుతోంది. చలికాలంలో తెరుచుకుని వేసవికి మూసుకునే బీట అయితే మోత సామర్థ్యం లెక్కలు మళ్లీ తిరగేసే ముందు నీటినీ చలినీ అనుమానించాలి. బీటకు అటూ ఇటూ రెండు గుర్తులు పెట్టి, తేదీ వేసి, నెలకోసారి కొలిస్తే ఏడాది తిరిగేసరికి జబ్బు ఏమిటో గోడే చెబుతుంది. ఆ ఏడాది ఓపిక పట్టకుండా సిమెంటు పూసి కప్పేయడం వల్ల పోయేది అమూల్యమైన సమాచారం.

బరువు ఎంత లోతుకి వెళ్తుంది

పిల్లరు బరువును నేల మీద పరచడానికి దాని అడుగున వెడల్పుగా వేసే కాంక్రీటు దిమ్మే ఫుటింగ్. దాని కింద మట్టి మీద పడే ఒత్తిడి ఉల్లిపాయ ఆకారంలో కిందికి విస్తరిస్తూ పలచబడుతుంది. చదరపు ఫుటింగ్ అయితే దాని వెడల్పుకు రెండింతల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి పదో వంతుకు తగ్గుతుంది. గోడ కింద పొడవుగా సాగే పట్టీ పునాది కింద అంత తగ్గాలంటే వెడల్పుకు ఆరింతల లోతు దాటాలి. కాబట్టి 30 సెం.మీ. పలకతో చేసిన పరీక్ష 60 సెం.మీ. లోతు నేల గురించే చెబుతుంది. మీటరున్నర ఫుటింగ్‌కు మూడు మీటర్ల లోతు వరకు ఏముందో తెలియాలి. పది మీటర్ల రాఫ్ట్‌కు ఇరవై మీటర్ల లోతు మట్టి కూడా పట్టింపే.

ఇందులో చాలామంది పట్టించుకోని ఒక మెలిక ఉంది. అన్ని ఫుటింగ్‌ల కింద చదరపు మీటరుకు ఒకే బరువు పడేలా డిజైన్ చేస్తే అన్నీ ఒకేలా కుంగుతాయనుకుంటారు. అలా జరగదు. బంకమన్ను మీద, ఒత్తిడి ఒకటే అయినా, వెడల్పు రెట్టింపైతే కుంగుబాటు కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇసుకలో అంత కాకపోయినా పెరుగుదల ఉంటుంది. మధ్య పిల్లరుకు బరువు ఎక్కువ కాబట్టి పెద్ద ఫుటింగ్, మూల పిల్లరుకు చిన్న ఫుటింగ్ వేస్తాం. లెక్క ప్రకారం రెండూ సురక్షితమే. కానీ మధ్యది ఎక్కువ దిగుతుంది. డిజైన్‌ను ఒత్తిడి సమానం చేయడంతో ఆపకుండా, కుంగుబాటు సమానం అయ్యేదాకా తీసుకెళ్లాలి. మధ్య ఫుటింగ్‌ను ఇంకాస్త పెంచి ఒత్తిడి తగ్గించడమో, అన్నిటినీ గట్టి బీములతో కట్టిపడేయడమో చేయాలి.

ఇసుక మీద కట్టే ఫుటింగ్‌లకు టెర్జాగీ, పెక్ అనే ఇద్దరు నేల ఇంజనీర్లు ఇచ్చిన పాత సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఏ ఫుటింగూ 25 మి.మీ. మించి కుంగకుండా చూస్తే, వాటి మధ్య తేడా అందులో ముప్పావు వంతు, అంటే 20 మి.మీ. లోపే ఉంటుంది. ఇసుక నేల స్వభావరీత్యా చోటుచోటుకీ మారుతుంది కాబట్టి, మొత్తాన్ని అదుపులో పెడితే తేడా దానంతటదే అదుపులో ఉంటుందన్నది అందులోని తర్కం.

బోర్‌లో చేసే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్ చాలా మోటు పరీక్ష. 63.5 కిలోల సుత్తిని 76 సెం.మీ. ఎత్తు నుంచి జారవిడిచి, ఒక గొట్టం మట్టిలోకి 45 సెం.మీ. దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. మొదటి 15 సెం.మీ. దెబ్బలు వదిలేసి మిగతా 30 సెం.మీ. దెబ్బలే నమోదు చేస్తారు. ఆ అంకెల్లో కచ్చితత్వం తక్కువే. అయినా ఒక బోర్‌కూ ఇంకో బోర్‌కూ మధ్య పోలిక చూపించడంలో అది బాగా పనికొస్తుంది. ఒక మూల దెబ్బలు 25, ఇంకో మూల అదే లోతులో 6 వచ్చాయంటే, ఆ రెంటి సగటు తీసి డిజైన్ చేయడం ఘోరమైన తప్పు. అక్కడ విలువైనది సగటు కాదు, ఆ రెండు అంకెల మధ్య దూరం. చిన్న ఇంటికి లోతైన బోర్లు వేయించే స్తోమత లేకపోతే నాలుగు మూలలా మనిషి దిగేంత గొయ్యి తవ్వి చూడటం, మధ్యలో వేసిన ఒక్క బోర్ కంటే మేలు.

గునపం ఖంగుమన్న చోట, దిగబడిన చోట

ఏటవాలు స్థలంలో ఎగువ వైపు తవ్వి, ఆ మట్టిని దిగువ వైపు పోసి చదును చేయడం ఎక్కడైనా జరిగేదే. చదునయ్యాక పై నుంచి చూస్తే స్థలం ఒకేలా కనిపిస్తుంది. పునాది గొయ్యి తీశాక అందులో నడుచుకుంటూ వెళ్లి గునపం వేసి చూడండి. ఒక చివర ఖంగుమంటుంది, చేతికి జివ్వుమని తగులుతుంది. ఇంకో చివర చేతి బలానికే జానెడు దిగిపోతుంది. మధ్యలో ఎక్కడో ఆ మార్పు జరిగిన గీత ఉంటుంది. ఇల్లు పగిలితే ఇంచుమించు ఆ గీత మీదే పగులుతుంది.

ఇలాంటి చోట అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, భవనం మొత్తాన్ని ఒకే పొర మీద కూర్చోబెట్టడం. దిగువ వైపు పోసిన మట్టిని దాటి అసలు నేల తగిలేదాకా తవ్వి, ఎక్కువైన లోతును పలచటి సిమెంటు కాంక్రీటుతో నింపి, దాని మీద ఫుటింగ్ వేయొచ్చు. లోతు మరీ ఎక్కువైతే మెత్తటి మట్టి తీసేసి గ్రావెల్‌ను 15–20 సెం.మీ. పొరలుగా పోసి, తడి తగు పాళ్లలో ఉన్నప్పుడు రోలరుతో దిమ్మిస చేస్తారు. తడి తక్కువైనా ఎక్కువైనా మట్టి పూర్తిగా గట్టిపడదని, ప్రతి మట్టికీ తనదైన సరైన తడి ఉంటుందని 1933లో అమెరికా ఇంజనీరు ప్రోక్టర్ చూపించినప్పటి నుంచి ఈ పనికి ఒక కొలమానం ఏర్పడింది. మీటరు మందం ఒకేసారి పోసి పైన రోలరు తిప్పితే పై జానెడే గట్టిపడుతుంది, అడుగు వదులుగానే మిగిలిపోతుంది.

రాతి వైపు చేసే పని వినడానికి వింతగా ఉంటుంది. గట్టి రాయిని కొంత చెక్కేసి, దాని మీద 30 సెం.మీ. పైచిలుకు ఇసుకో గ్రావెలో పరిచి, ఆ మెత్త మీద ఫుటింగ్ వేస్తారు. మంచి రాయిని చేజేతులా పాడుచేస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ దాని ఉద్దేశం రాతి వైపు కూడా కొంచెం కుంగనివ్వడమే, మట్టి వైపుతో జత కుదరడానికే. పీసాలో ఉత్తరం వైపు దించిన ఆలోచనే ఇక్కడా ఉంది. అదీ కుదరకపోతే మార్పు గీత మీద భవనాన్ని జాయింటుతో రెండుగా విడదీసి, ఏ ముక్క ఎలా కుంగాలో అలా కుంగనివ్వడం మంచిది.

ఇవేవీ చేయకుండా ఫుటింగ్‌లో ఇనుము పెంచేస్తే సరిపోతుందనే అలవాటు ఒకటి ఉంది. రిబ్బులున్న గట్టి రాఫ్ట్ మెత్తటి గుంట మీద వంతెనలా నిలబడగలదు, నిజమే. అయితే ఆ గుంట ఎంత వెడల్పో తెలిస్తేనే ఆ లెక్క వేయగలం. తెలియని నేలకు ఇనుము పెంచడం ఊహ మీద ఊహ పేర్చడమే.

బంకమన్నులో ఉబ్బే గుణం ఉంటే తేడా నీటి రూపంలో వస్తుంది. నల్లరేగడి తరహా మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఇల్లు కప్పిన భాగం తడి నిలుపుకుంటుంది, అంచులు ఎండుతాయి. ఒక మూలనున్న పెద్ద చెట్టు ఆ మూల తడిని పీల్చేస్తుంది, ఇంకో మూల కారుతున్న పైపు అక్కడ తడి పెంచుతుంది. ఇంటి చుట్టూ నీరు బయటికి పారేలా వాలు ఇవ్వడం, నీటి పైపుల జాయింట్లు సరిచూడటం పునాది డిజైన్‌లో భాగమే. వాటిని వేరే పనిగా చూడటం వల్లే చాలా పునాదులు దెబ్బతింటున్నాయి.

నేల గడ్డకట్టినప్పుడు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతోనే ఆకాశం నుంచి రాలేదాన్నీ, గడ్డకట్టిన నీటినీ, తెల్లవారుజామున కమ్ముకునేదాన్నీ చెప్పుకుంటాం. ఇక్కడ మాత్రం విడదీయాలి. రాలి పరుచుకునేది మంచు, నేలలో గడ్డకట్టేది మంచుగడ్డ. ఈ రెండూ పునాదికి సరిగ్గా ఎదురుబొదురు పనులు చేస్తాయి.

నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి నేల లేస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. మీటరు లోతు మట్టిలో 40 శాతం ఖాళీలు ఉన్నాయనీ, అన్నీ నీటితో నిండి ఉన్నాయనీ అనుకుంటే, ఆ నీరంతా గడ్డకట్టినా నేల లేచేది 4 సెం.మీ. లోపే. కానీ చలి దేశాల్లో నేల 10, 20 సెం.మీ. కూడా లేస్తుంది. ఆ మిగతా నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930ల్లో ప్రచురించిన ప్రయోగాల్లో దొరికింది. ఆయన మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది! అంటే ఉబ్బడం అసలు కారణం కాదు. గడ్డకడుతున్న పొర కింది నుంచి ద్రవాన్ని పైకి లాక్కుంటోంది. అలా లాక్కున్నది ఒకచోట చేరి, పలకలు పలకలుగా గడ్డకడుతోంది. ఇసుక కంటే సన్నగా, బంకమన్ను కంటే ముతకగా ఉండే మట్టి సిల్ట్. గడ్డకట్టిన సిల్ట్‌ను నిలువునా కోస్తే ఇది కంటికే కనిపిస్తుంది. ఒక పొర మట్టి, దాని కింద గాజులా మెరిసే మంచుపలక, మళ్లీ మట్టి, మళ్లీ పలక. కొన్ని కాగితం మందం, కొన్ని వేలెడు మందం. నేల లేచిన ఎత్తులో ఎక్కువ భాగం ఆ పలకల మందమే.

లాక్కునే బలం మామూలుది కాదు. ఉష్ణగతిశాస్త్రం ప్రకారం సున్నాకు దిగువన ఒక్కో డిగ్రీకి దాని గరిష్ఠ హద్దు 1.1 మెగాపాస్కల్‌కు పైమాటే. చదరపు మీటరుకు 110 టన్నుల బరువుతో సమానం. మామూలు ఇంటి పునాది చదరపు మీటరుకు 5 నుంచి 10 టన్నులు మోపుతుంది. కాబట్టి ఇల్లు బరువుగా ఉంది, నేలను అణిచిపెడుతుంది అనుకోవడానికి వీల్లేదు. మంచుపలక ఇంటిని ఎత్తేస్తుంది.

ఏ మట్టి ప్రమాదకరం అంటే, అతి సన్నదీ కాదు, ముతకదీ కాదు. గ్రావెల్‌కు నీటిని పైకి లాగే సన్నటి రంధ్రాలు లేవు. గట్టి బంకమన్నుకు లాగే బలం ఉన్నా నీటిని వేగంగా సాగనివ్వదు. మధ్యనున్న సిల్ట్‌లో రెండు గుణాలూ ఉన్నాయి కనుక అదే అన్నిటికంటే ఎక్కువగా లేస్తుంది. నేల ఇంజనీరు ఆర్థర్ కాసాగ్రాండే 1930ల మొదట్లో ఇచ్చిన గీటురాయి ఇప్పటికీ వాడుకలో ఉంది. రకరకాల సైజుల రేణువులు కలిసిన మట్టిలో 0.02 మి.మీ. కంటే సన్నటివి బరువులో 3 శాతం దాటితే అనుమానించాలి. రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే ఆ హద్దు 10 శాతం. గ్రావెల్ అని పేరు పెట్టుకుని వచ్చిన లోడు నిజంగా గ్రావెలేనా అన్నది ఈ 3 శాతమే తేలుస్తుంది. పిడికెడు తీసుకుని నీళ్లలో కలిపితే నీరు బురదలా మారి చాలాసేపు తేరుకోకపోతే, దాన్ని ల్యాబ్‌కు పంపకుండా పునాది కింద వేయకూడదు.

లోతు అంకెను ఎలా చూడాలి

చలి దేశాల నిబంధనల్లో ప్రతి ప్రాంతానికీ గడ్డకట్టే లోతు ఒకటి రాసి ఉంటుంది. ఫుటింగ్ అడుగు అంతకంటే కిందికి ఉండాలి. మంచి నియమమే. కానీ ఆ అంకె వెనక ఏముందో తెలియకపోతే అది మోసం చేస్తుంది. చలికాలంలో సున్నాకు దిగువన ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు అన్నవి గుణించి కూడితే వచ్చేదాన్ని చలి మొత్తం అనుకుందాం. గడ్డకట్టే లోతు దాని వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. చలి మొత్తం నాలుగింతలైతే లోతు రెండింతలవుతుంది. మట్టిలో నీరెంత ఉందన్నదీ ముఖ్యమే. నీరు గడ్డకట్టేటప్పుడు బోలెడంత వేడి విడుదల చేస్తుంది, ఆ వేడి చలిని అడ్డుకుంటుంది. అందుకే పొడి గ్రావెల్ తడి బంకమన్ను కంటే చాలా లోతుగా గడ్డకడుతుంది, అయినా లేవదు. తడి సిల్ట్ తక్కువ లోతే గడ్డకట్టి ఎక్కువ లేస్తుంది. గడ్డకట్టే లోతు, జరిగే నష్టం రెండూ ఒకటి కావు.

ఇక మంచు సంగతి. మెత్తగా పరుచుకున్న మంచు నేలకు దుప్పటి లాంటిది. దాని కింద నేల తక్కువ లోతు గడ్డకడుతుంది. నడవడానికీ కారు తిప్పడానికీ మంచు ఊడ్చేసిన చోట ఆ దుప్పటి ఉండదు, చలి లోతుకి దిగుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణం గోడకు శీతాకాలపు ఎండ తగులుతుంది, ఉత్తరం గోడ నీడలోనే ఉంటుంది. ఇంట్లో వేడి చేసిన గది కింద నేల వెచ్చగా, పక్కనే వేడి చేయని గరాజు కింద చల్లగా ఉంటుంది. పుస్తకంలో ఒకే అంకె, ఇంటి చుట్టూ మాత్రం రెండు మూడు రకాల చలికాలాలు. మట్టి అంతటా ఒకటే అయినా, ఈ తేడా ఒక్కటే గోడను పగలగొట్టడానికి చాలు.

నేల లేవాలంటే మూడూ కలవాలి: లేచే గుణమున్న మట్టి, అందుబాటులో నీరు, అక్కడిదాకా దిగే చలి. ఏ ఒక్కటి తీసేసినా లేవదు. పునాదిని లోతుగా పెట్టడం అంటే చలికి అందకుండా పోవడం. మట్టి మార్చి గ్రావెల్ నింపడం అంటే లేచే గుణాన్ని తీసేయడం. అడుగున చిల్లుల పైపు వేసి నీటిని బయటికి పంపడం అంటే నీటిని తీసేయడం. అయితే నీరు పోయే దారి లేని గ్రావెల్ గొయ్యి చుట్టూ ఉన్న బంకమన్నులో తొట్టిలా తయారై నీటిని నిలబెడుతుంది. అది అసలుకే ఎసరు.

వేడిని దాచుకునే పునాది

ఇక్కడే స్కాండినేవియా దేశాలు ఒక చక్కటి మార్గం చూపించాయి. నార్వేలో 1970ల్లో పెద్ద ఎత్తున జరిగిన పరిశోధనలు దాన్ని లెక్కల్లో పెట్టాయి. అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 2001లో తెచ్చిన ఏఎస్‌సీఈ 32 అనే ప్రమాణం దానికి నియమాలు రాసింది. ఆలోచన సులువైనదే. ఇంటి అడుగు నుంచి నేలలోకి ఎలాగూ కొంత వేడి కారుతుంది. దాన్ని బయటికి పోనీయకుండా పునాది అంచున థర్మల్ షీటు కప్పితే, ఫుటింగ్ కింద నేల అసలు గడ్డకట్టదు. అప్పుడు పునాదిని మీటరున్నర, రెండు మీటర్లు దించాల్సిన పనిలేదు. 40 సెం.మీ. లోతు కూడా చాలవచ్చు.

ఎందుకు చాలుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. తడి మట్టి ఉష్ణవాహకత, అంటే వేడిని సాగనిచ్చే గుణం, సుమారు 1.5 యూనిట్లు అనుకుంటే, థర్మోకోల్ జాతికే చెందిన గట్టి ఎక్స్‌పీఎస్ షీటుది సుమారు 0.033. అంటే 5 సెం.మీ. షీటు వేడిని ఆపడంలో రెండు మీటర్లకు పైగా మట్టితో సమానం. ఆ షీటును పునాది పక్కన నిలువుగా పెట్టి, చలి మరీ ఎక్కువైన చోట అడుగు నుంచి బయటికి రెక్కలా అడ్డంగా కూడా పరుస్తారు. మూలల దగ్గర వేడి రెండు వైపుల నుంచీ పోతుంది కాబట్టి అక్కడ రెక్క ఇంకా వెడల్పుగా, మందంగా ఉండాలి. డ్రాయింగులో మూలలకు విడిగా కొలత ఇవ్వకపోతే సైటులో అన్నిచోట్లా ఒకే వెడల్పు పరిచేస్తారు. తొలి చలికాలంలో లేచేది ఆ మూలే. షీటు కూడా నేలలో వాడటానికి తగినదే అయి ఉండాలి. నీరు పీల్చుకునే రకమైతే కొన్నేళ్లకు తడిసి పనికిరాకుండా పోతుంది.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది, దాన్ని ఇంటి యజమానికి ఎవరూ చెప్పరు. ఇంట్లో వేడి ఉండాలి. చలికాలమంతా నెలవారీ సగటు 17–18 డిగ్రీలకు తగ్గదన్న నమ్మకం మీద ఆ డిజైన్ నిలబడింది. ఇల్లు అమ్మకానికి పెట్టి, హీటింగ్ ఆపేసి, తాళం వేసి వెళ్లిపోతే పునాదికి ఉన్న ఆధారం పోయినట్టే. నేల మీది ఫ్లోరును కొత్తగా మందంగా ఇన్సులేట్ చేసినా ఇబ్బందే. కరెంటు ఖర్చు తగ్గుతుంది, నేలలోకి కారే వేడి కూడా తగ్గుతుంది. ఇంటిని వెచ్చగా చేసే పని పునాదిని చల్లబరుస్తుంది. అలాంటప్పుడు బయటి రెక్కను పెంచాలి. వేడి చేయని కట్టడమే అయితే షీటును గ్రావెల్ పొర మీద భవనం అడుగంతా, అంచులు దాటి బయటిదాకా పరిచి, భూమి లోపలి నుంచి వచ్చే వేడినే దాచుకుంటారు.

లోతుగా పెట్టినా తప్పించుకోలేనిది ఇంకొకటి ఉంది. వరండా స్తంభాన్ని గడ్డకట్టే లోతుకి దిగువన కూర్చోబెట్టినా, పైన గడ్డకట్టిన మట్టి స్తంభం పక్కలను కరుచుకుని తనతోపాటు పైకి లాగుతుంది. ఇల్లు లేవదు, తేలికైన వరండా లేస్తుంది. వరండా కప్పు ఇంటి గోడను తగిలే చోట గుమ్మం తలుపు బిగుసుకుపోవడం దీనికి మొదటి గుర్తు. వేసవి వచ్చేసరికి తలుపు మామూలుగా తెరుచుకుంటుంది, జనం మరిచిపోతారు. కానీ స్తంభం అడుగున ఏర్పడ్డ ఖాళీలోకి మట్టి జారి, అది పూర్తిగా వెనక్కి దిగదు. ఏటేటా కొంచెం కొంచెం పైకే నిలిచిపోతుంది. స్తంభం పక్కలు నునుపుగా ఉంచి, చుట్టూ జారుడు తొడుగు వేసి, గ్రావెల్ నింపి, అడుగున వెడల్పాటి ఫుటింగ్‌కు ఇనుముతో కట్టిపెట్టడం దీనికి విరుగుడు.

వేడి దేశాల వాళ్లకు ఇదంతా సంబంధం లేదనుకోవడానికి లేదు. కోల్డ్ స్టోరేజీ గది ఏ వాతావరణంలో ఉన్నా తన కింద తనే ఒక చలికాలాన్ని తయారు చేసుకుంటుంది. అది ఏడాది పొడుగునా తగ్గదు. ఫ్లోరు కింద ఇన్సులేషన్ ఉన్నా చలి నెమ్మదిగా నేలలోకి దిగి, కొన్నేళ్లకు ఫ్లోరు మధ్యలో ఉబ్బుతుంది. అందుకే అలాంటి గదుల అడుగున గాలి ఆడే గొట్టాలో, హీటింగ్ తీగలో పెడతారు. ఎప్పటికీ కరగని నేల ఉన్న ధ్రువ ప్రాంతాల్లో మాత్రం లెక్క తలకిందులు. అక్కడ ఇంటి వేడి నేలకు తగలకూడదు. తగిలితే నేలలోని మంచుగడ్డ కరిగి ఇల్లు కుంగుతుంది. కాబట్టి ఇంటిని నేల మీద నుంచి ఎత్తి కట్టి, కింద చలిగాలి తిరగనిస్తారు.

వసంతంలో కరగడం కూడా నష్టమే చేస్తుంది. నేల పై నుంచి కరుగుతుంది, అడుగున ఇంకా గడ్డ ఉంటుంది. కరిగిన నీటికి దిగే దారి ఉండదు. మంచుపలకలు చేరిన చోట మట్టి బురదై, మామూలు బలంలో కొంత భాగమే మిగులుతుంది. చలికాలంలో సమంగా లేచిన పునాది కూడా ఇప్పుడు సమంగా దిగదు.

ఇన్ని లెక్కలూ కట్టడం పూర్తయి, వేడి మొదలయ్యాక వర్తించేవి. మధ్యలో వచ్చే మొదటి చలికాలంలో పునాదికి ఇంటి వేడీ ఉండదు, ఇంటి బరువూ ఉండదు. సాయంత్రం గొయ్యి తీసి, అడుగు చదును చేసి, రేపు కాంక్రీటు వేద్దామని వెళ్లిపోతారు. రాత్రి సున్నాకు దిగువకు పోతుంది. పొద్దున చూస్తే గొయ్యి అడుగు రాయిలా గట్టిగా ఉంటుంది, నేల బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. దాని మీద కాంక్రీటు పోస్తే, ఆ గడ్డ కరిగినప్పుడు తాజా ఫుటింగ్ చోటుకో తీరుగా కుంగుతుంది. ఆ పొద్దున చేయాల్సింది గునపంతో ఆ గట్టి పెచ్చును పగలగొట్టి చూడటం. కింద తడి మట్టి తగిలితే గడ్డకట్టినదంతా ఎత్తి పారేసి, ఆ లోతును గ్రావెల్‌తోనో కాంక్రీటుతోనో నింపాలి. ముందురోజు సాయంత్రమే ఇన్సులేటెడ్ దుప్పట్లతోనో మందంగా పరిచిన గడ్డితోనో గొయ్యి కప్పి ఉంటే ఈ పని పడేది కాదు. కాంక్రీటు వేశాక కూడా ఫుటింగ్ పక్కల మట్టి నింపి, ఆ కప్పు తీయకుండా, ఇంట్లో హీటింగ్ మొదలయ్యేదాకా ఉంచాలి.